‘రిగరస్’ అంటే ప్రతిచోటా ‘కఠినం’ కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ విద్యా అనుబంధంలో వచ్చిన గణిత వ్యాసంలో ‘కఠినమైన నిరూపణ’ అన్న మాట నాలుగైదు చోట్ల కనిపించింది. అది చదివిన మా మనవరాలు, “అంత కష్టమైనదైతే మా తొమ్మిదో తరగతికి ఎందుకు పెట్టారు తాతయ్యా?” అని అడిగింది. ‘రిగరస్ ప్రూఫ్’ అన్న ఇంగ్లీషు మాటకు వచ్చిన తిప్పలు ఇవి అని నాకు తెలిసింది గానీ, ఆ పిల్లకు తెలిసే వీలేదీ?

లాటిన్‌లో ‘రిగోర్’ అంటే బిగుసుకుపోవడం. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడాన్ని వైద్యులు నేటికీ ‘రిగర్ మార్టిస్’ అనే అంటారు. ఆ బిగువు ఇంగ్లీషులో మనుషుల పట్ల చూపే కాఠిన్యానికీ వచ్చింది, చేసే పనిలో ఉండే పట్టింపుకూ వచ్చింది. మన ‘కఠినం’ మొదటిదానికి సరిపోతుంది. రెండోదానికి వాడితే మాత్రం ‘కష్టం’ అనే అర్థం ముందుకొచ్చి కూర్చుంటుంది.

కోర్టు వార్తల్లో పాతుకుపోయిన ‘కఠిన కారాగార శిక్ష’ను మార్చమని నేను అడగడం లేదు. అయితే దాన్ని చదివి చీకటి గదినో, కాళ్లకు సంకెళ్లనో ఊహించుకునే పాఠకులు చాలామందే ఉన్నారు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 53వ సెక్షన్‌లో గానీ, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 4వ సెక్షన్‌లో గానీ రిగరస్ అంటే కఠిన శ్రమతో కూడిన జైలు అనే అర్థం. ఏకాంత నిర్బంధం వేరే సంగతి. అది సంహితలోని 11వ సెక్షన్ ప్రకారం కోర్టు విడిగా ఆదేశిస్తేనే, అదీ మొత్తం మీద మూడు నెలలు మించకుండా ఉండాలి. కఠిన శ్రమ శిక్షలో పనిచేసే ఖైదీలకు న్యాయమైన కూలి చెల్లించాలని 1998లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది.

గణితంలో సంగతి పూర్తిగా వేరు. నేను తరగతిలో ఏటా ఒక లెక్క ఇచ్చేవాణ్ని. ఏదైనా సంఖ్యను దానితోనే హెచ్చించి, ఆ సంఖ్యనే మళ్లీ కలిపి, దానికి 41 చేర్చండి. 1తో 43, 2తో 47, 3తో 53, అన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేనివే. పదో, పదిహేనో చూసేసరికి “ఎప్పుడూ ఇంతే సార్” అని పిల్లలు తేల్చేసేవారు; మొండివాళ్లు 39 దాకా వెళ్లినా వారి మాటే నిలిచేది. 40 దగ్గర వచ్చేది 1681, అంటే 41ని 41తో హెచ్చించగా వచ్చే సంఖ్య. నలభై సార్లలో ఒక్కసారి తప్పినా ఒప్పుకోకపోవడమే రిగరస్. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ చూపిన నిరూపణ నల్లబల్ల మీద ఐదారు వరుసల్లో ముగుస్తుంది, పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది, అయినా అది రిగరస్ నిరూపణే. దాన్ని ‘కఠినమైనది’ అంటే ఆ అందమంతా పోతుంది.

టీకా మందులకు ‘కఠిన పరీక్షలు’ జరిపారని రాసినప్పుడూ ఇదే చిక్కు. సూది వేయించుకున్నవారిని ఏదో హింస పెట్టినట్టు ధ్వనిస్తుంది. అక్కడ ‘పకడ్బందీ పరీక్షలు’ అంటే చాలు. సైనికులకు ఇచ్చే ‘కఠోర శిక్షణ’తో నాకు పేచీ లేదు, అది నిజంగానే ఒళ్లు హూనం చేసేది.

గణిత నిరూపణకు మాత్రం ‘నిర్దుష్టమైన’ అన్న మాట వాడితే బాగుంటుందని నా మనవి. ఒకే ఒక్క భయం: మన పత్రికల్లో అది తరచుగా ‘నిర్దిష్టమైన’ అని అచ్చవుతోంది. దోషం లేనిది ఒకటి, ఫలానా అని నిర్దేశించినది ఇంకొకటి. అచ్చుకు పంపేముందు అక్కడ గుడి పడిందో కొమ్ము పడిందో ఒక్కసారి చూసుకోవలసిందిగా ప్రార్థన.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తెనాలి