మాత్రకు ముందు రక్తపోటు చూడాలి
ఒడిశాలోని మన పర్లాకిమిడి ప్రాంతంలో గర్భనిరోధక మాత్రలను రక్తపోటు చూడకుండానే ఆడవారి చేతికి ఇచ్చేస్తున్నారు. మొన్న మందుల దుకాణంలో నా ముందు నిలబడిన నడివయసు స్త్రీ కొంగుముడి విప్పి ఈ మాత్రల ఖాళీ అట్ట చూపించి, మరో అట్ట కొనుక్కుని వెళ్లింది. ఆమె చెవిపై సగం కాలిన చుట్ట ఉంది. దుకాణదారు ఒక్క మాట అడగలేదు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను కలిసిన ఈ మాత్రలు చాలామందికి హాని చేయవు, నిజమే. కానీ 35 ఏళ్లు దాటి పొగతాగేవారికి, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి ఇవి గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతాయి. రక్తపోటులో పై అంకె 160కి గాని, కింది అంకె 100కి గాని చేరితే వీటిని వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన పల్లెల్లో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని వాళ్లు పొగతాగడంగా అనుకోరు కనుక, ‘చుట్ట కాలుస్తావా అమ్మా’ అని వాళ్ల మాటలోనే అడగాలి. ఆశా కార్యకర్తలు, దుకాణదారులు మొదటి అట్ట ఇచ్చే ముందు రక్తపోటు చూపించుకుని రమ్మనాలి. ఆ వివరాలు రాసే చిన్న కార్డును ఒడియాతోపాటు తెలుగులోనూ జిల్లా ఆరోగ్య శాఖ అచ్చు వేయించాలి. ఈ మాత్రలు పడనివారికి హార్మోను లేని ‘ఛాయా’ మాత్ర, కాపర్-టి ఉన్నాయని అక్కడే చెప్పాలి.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా