ఆరో నంబరు మంచం పెద్దమ్మ గురించి

ఫ్రెండ్స్, ఎయిట్‌కామ్ (ఎంబీబీఎస్‌లో పేషెంట్లతో నడవడిక, నైతికత, మాటతీరు నేర్పే AETCOM) రిఫ్లెక్షన్, అంటే మన అనుభవం మీద రాసేది, ఎల్లుండిలోగా ఇవ్వాలి. 2019 బ్యాచ్ నుంచి ఇది సిలబస్‌లో ఉన్నా, మనం మాత్రం ఒకరిది చూసి ఒకరం దింపేస్తున్నాం. నేనూ అంతే, నిన్నటిదాకా.

నిన్న మెడిసిన్ వార్డులో స్ప్లీన్ (ప్లీహం) పెరిగిన పెద్దమ్మ దగ్గరికి వెళ్ళేసరికి, ఆమెని పరీక్ష చేసే స్టూడెంట్లలో నేను తొమ్మిదోవాణ్ణి. అడక్కుండానే పొట్ట మీద చెయ్యి పెట్టేశాను. "ఇంకా ఎంతమంది ఉన్నారు నాయనా?" అంది. కోపంగా అన్నా బాగుండేది. చెయ్యి తీసేసి, పేరు చెప్పుకుని, వద్దంటే వెళ్ళిపోతానన్నాను. "రేపు రా" అంది.

ఇవాళ వెళ్ళి ఊరికే కూర్చున్నాను. మనవడి ఫీజు కట్టాలని, బయట కొనే మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటోందట! తొమ్మిదిమందిలో ఒక్కరు రాసుకున్న కేస్ హిస్టరీలోనూ ఈ ముక్క లేదు. పీజీ అక్కకి చెప్పాను, చూస్తానంది.

రేపటి నుంచి ఆమె దగ్గరికి ఇద్దరికి మించి వెళ్ళొద్దు, అదీ అడిగాకే. చేతులు వెచ్చగా చేసుకుని ముట్టుకోండి, ఏసీ గదిలోంచి నేరుగా వస్తున్నాం.

అన్నట్టు, నిన్న గ్రూపులో పెట్టిన ఎక్స్‌రే మీద పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు కనబడుతున్నాయి. పెట్టినవాళ్ళు వెంటనే డిలీట్ చేయండి. డౌన్‌లోడ్ అయినవాళ్ళు ఫోన్లోంచి కూడా.