కారణం రాయని ఉత్తర్వు మీద అప్పీలు ఎలా రాసుకోవాలి?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. ఆమె పేరు మీద ఉన్న ఇంటికి పన్ను ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికి మేమిద్దరం ఏడు నెలలు తిరిగాం. పన్ను తగ్గించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ తిరుగుడులో నా కంటపడిన ఒక లోపం మా ఒక్క ఇంటిది కాదు. మీరు తలచుకుంటే చాలావరకు శాఖాపరమైన ఉత్తర్వులతోనే సరిచేయగలరు. అందుకే రాస్తున్నాను.

మాది ఒక మోస్తరు పట్టణం. కింద రెండు గదులు, వంటిల్లు. మేడ మీద మా నాన్న ఎండాకాలం పడుకోవడానికి వేసుకున్న రేకుల పందిరి ఒకటుంది. నాలుగు ఇనప గొట్టాలు, పైన రేకులు, చుట్టూ గోడల్లేవు. నాన్న పోయాక అమ్మ అక్కడ ఊరగాయ జాడీలు, పాత నవ్వారు మంచం పెట్టుకుంది. కిందటేడు ఆ ఇంటికి స్పెషల్ నోటీసు, అంటే కొత్త పన్ను ఎంతో చెప్పే కాగితం, వచ్చింది. పన్ను దాదాపు రెట్టింపు. మన రాష్ట్రంలో 2021 నుంచి ఆస్తి మూలధన విలువను, అంటే స్థలం, కట్టడం కలిపి లెక్కగట్టిన విలువను బట్టి ఇంటిపన్ను వేస్తున్నారు. ఆ పద్ధతి తెచ్చినప్పుడు, అంతకుముందు కడుతున్న పన్ను మీద పెంపు 15 శాతం దాటదని ప్రభుత్వమే చెప్పింది. మరి మాకు రెట్టింపు ఎలా అయింది? వార్డు సచివాలయంలో అడిగాం. "సిస్టంలో అలానే చూపిస్తోందండి" అన్నారు.

పన్నును మళ్లీ పరిశీలించమని రివిజన్ పిటిషన్ పెట్టుకున్నాం. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. "మీ పిటిషన్ పరిశీలించి తిరస్కరించడమైనది." అంతే, ఒక్క వాక్యం. ఎవరు పరిశీలించారు, ఇంటికి వచ్చి చూశారా లేదా, ఏ కొలత తీసుకున్నారు, ఏ నిబంధన కింద తిరస్కరించారు, దీని మీద ఎవరికి అప్పీలు చేసుకోవాలి, ఎన్ని రోజుల్లోపు చేసుకోవాలి? ఒక్కటీ లేదు.

మంత్రి గారూ, సమాచార హక్కు చట్టం అనగానే అందరికీ దరఖాస్తు, ముప్పై రోజులు గుర్తొస్తాయి. అదే చట్టంలో సెక్షన్ 4(1)(డి) అని ఒక చిన్న నిబంధన ఉంది. ప్రభుత్వ కార్యాలయం తీసుకున్న పరిపాలనా నిర్ణయానికి కారణాలను, ఆ నిర్ణయం వల్ల ప్రభావితమైన వ్యక్తికి తెలియజేయాలి అని అది చెబుతుంది. దరఖాస్తు పెడితేనే అని కాదు, పది రూపాయలు కడితేనే అని కాదు. అడగకముందే చెప్పాలి. చట్టం 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా అమ్మ చేతికి వచ్చిన కాగితంలో కారణం అన్న మాటకు చోటు లేదు.

కారణం తెలియకుండా అప్పీలు రాయలేం కాబట్టి ఫైలు అడిగాం. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి, మా ఇంటి అసెస్‌మెంట్ ఫైలు, కొలతల షీటు, నోట్ ఫైలు (అధికారులు ఫైలులో రాసుకున్న వ్యాఖ్యలు) నకళ్లు ఇవ్వమని సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టాం. ముప్పయ్యో రోజున జవాబు వచ్చింది. "సదరు రికార్డు లభ్యం కాలేదు." లభ్యం కాలేదనడం చట్టం ఒప్పుకునే కారణం కాదని, ఒకప్పుడు ఉన్న రికార్డు ఇప్పుడు కనిపించకపోతే గట్టిగా వెతకాలని, ఎవరి వల్ల పోయిందో విచారించి తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. ఆ సంగతి రాసి ఆర్టీఐ కింద మొదటి అప్పీలు వేశాం.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా మీ దృష్టికి తేవాలి. మా రివిజన్ పిటిషన్‌ను తిరస్కరించింది మున్సిపల్ కమిషనర్ గారు. ఆర్టీఐ మొదటి అప్పీలు వినాల్సిందీ కమిషనర్ గారే. ఏ నిర్ణయానికి కారణం అడుగుతున్నామో ఆ నిర్ణయం తీసుకున్న వ్యక్తి ముందే మళ్లీ నిలబడాలి. ఆయన మంచివారే, మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నారు, ఫైలు వెతికించి చూపించమని ఆదేశించారు కూడా. కానీ ఏ ఊళ్లోనైనా సామాన్యుడి హక్కు ఎదుటి అధికారి మంచితనం మీద ఆధారపడకూడదు కదండీ.

రికార్డు గదిలో ఒక జూనియర్ అసిస్టెంటు అమ్మాయి రెండు పూటలు కట్టలన్నీ దించి వెతికింది. దుమ్ముకి దగ్గుతూనే వెతికింది. ఆ అమ్మాయికి ఈ ఉత్తరం ద్వారా కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. ఫైలు దొరికింది. నియమాల ప్రకారం మొదటి గంట పరిశీలనకు రుసుము లేదు, మాకు ఇరవై నిమిషాలే పట్టింది. లోపల ఒక షీటు ఉంది. అందులో "మొదటి అంతస్తు, ఆర్‌సీసీ గది" అని ఉంది. ఫోటో లేదు, వచ్చి చూసిన తేదీ లేదు, కొలిచిన వారి సంతకం లేదు. కొత్త గది కట్టినట్టు ఎక్కడంతో 15 శాతం పరిమితి మాకు వర్తించలేదన్నమాట. నేను చదివి వినిపిస్తే అమ్మ ఒకటే అడిగింది, "గదైతే తలుపేదిరా?"

షీటు నకలు పట్టుకుని పైఅధికారికి అప్పీలు రాసుకుని వెళ్తే, గడువు దాటిపోయిందన్నారు. తిరస్కరించిన కాగితం అందిన రోజు నుంచి లెక్క వేశారు.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. అప్పీలు గడువు ఒక పక్క నడుస్తూ ఉంటుంది. ఆ అప్పీలుకు కావాల్సిన కాగితం రావడానికి చట్టం 30 రోజులు ఇస్తుంది. రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు, కారణం రాసుకుంటే 45 రోజులు. అందరూ నిబంధన ప్రకారమే నడుచుకున్నా రెండున్నర నెలలు గడిచిపోవచ్చు. అక్కడా కాకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అది ఎన్నాళ్లలో తేల్చాలో చట్టంలో లేనే లేదు. పక్కన తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు సమాచార కమిషనర్లే లేరు. ఆ రెండేళ్లలో రెండో అప్పీలు వేసుకున్నవాళ్లు దేని కోసం ఎదురు చూశారో ఆలోచించండి. కాగితం ఆలస్యమైతే నష్టం కాగితం అడిగినవాడిదే. పీఐఓకు, అంటే సమాచారం ఇవ్వాల్సిన అధికారికి, రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయొచ్చని సెక్షన్ 20 చెబుతుంది. వేసినా, మా గడువు తిరిగి రాదు.

అందుకని నా మొదటి విన్నపం. మున్సిపాలిటీ ఇచ్చే ఏ తిరస్కరణ ఉత్తర్వు మీదైనా అప్పీలు గడువును, కారణాలతో కూడిన ఉత్తర్వు, దానికి ఆధారమైన ఫైలు నకలు పౌరుడి చేతికి అందిన రోజు నుంచి లెక్కించేలా చూడండి. నియమాలు మార్చాల్సిన చోట మార్చండి. ఈలోగా, ఫైలు కోసం ఎదురుచూసిన రోజులను ఆలస్యం కింద లెక్కించవద్దని మీ అప్పిలేట్ అధికారులకు సర్క్యులర్ పంపండి.

రెండోది ఇంకా తేలిక. ఆర్టీఐ దరఖాస్తు తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు జవాబులోనే రాయాలని సెక్షన్ 7(8) చెబుతోంది. అదే పద్ధతిని ఇంటిపన్ను, ప్లాన్ అనుమతి, పేరు మార్పిడి, ట్రేడ్ లైసెన్సు ఉత్తర్వులన్నిటికీ పెట్టండి. కింద మూడు లైన్లు అచ్చు వేస్తే సరిపోతుంది. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, గుంటూరు, అనంతపురంలలో ఉండే మీ ప్రాంతీయ సంచాలకుల హోదాలోనే "అప్పిలేట్ కమిషనర్" అన్న మాట ఉంది. మా వీధిలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎవరూ లేరు, నాకూ ఈ ఏడు నెలల్లోనే తెలిసింది. ఆ మూడు లైన్లు, ఉత్తర్వు మొత్తం తెలుగులో ఉంటే అమ్మలాంటి వాళ్లు ఎవరి సాయం లేకుండా చదువుకుంటారు.

కొలతల షీటు గురించి కూడా. ఇంటికి వచ్చి కొలిచినప్పుడే ఆ షీటు మీద ఇంటివాళ్ల సంతకం తీసుకుని ఒక నకలు అక్కడికక్కడే ఇచ్చేస్తే మా గొడవ పుట్టేదే కాదు. రికార్డు గదిలో కట్టలు దించే పనీ ఉండేది కాదు.

మా వీధిలో ఇంకొకాయనది వేరే సమస్య. పక్క స్థలంలో లేస్తున్న మూడో అంతస్తుకు అనుమతి ఉందా అని ప్లాన్ నకలు అడిగితే "వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం" అన్నారు. వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే ఆర్టీఐ సెక్షన్ 8(1)(జె)ని 2023 డేటా రక్షణ చట్టంతో మార్చిన మాట నిజమే. కానీ ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని చెప్పే 8(2) ఇప్పటికీ ఉంది. తన గోడ మీద నీడ పడుతున్న కట్టడానికి అనుమతి ఉందో లేదో తెలుసుకోవడం ఎవరి వ్యక్తిగత విషయంలో తల దూర్చడం? ఈ మాటను సాకుగా వాడొద్దని మీ పీఐఓలకు స్పష్టంగా చెప్పండి.

ఈ హక్కును ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదండీ. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీలు తమ మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చూపించమని అడిగారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. తమ కూలి లెక్క తామే చూసుకోవాలని అడిగిన మనుషుల వల్ల వచ్చిన చట్టం ఇది. మా అమ్మ అడిగింది కూడా తన ఇంటి లెక్కే.

ఈ అర్ధ సంవత్సరం పన్ను కట్టేశాం. బకాయి ఉంటే అమ్మకు టెన్షన్, రాత్రిళ్లు నిద్ర పట్టదు. రసీదు, కొలతల షీటు నకలు, గడువు దాటిందని తిప్పి పంపిన అప్పీలు మూడూ ఒకే కవర్లో పెట్టి ఉంచాం. ఏ అధికారినైనా ఒకసారి పంపండి. మెట్లెక్కి పైకి రావడానికి నిమిషం పట్టదు. జాడీలు, మంచం, నాలుగు గొట్టాలు అలాగే ఉన్నాయి.

ఇట్లు,
మీ రాష్ట్రంలో ఇంటిపన్ను కట్టే ఒక పౌరుడు