ఒకసారి వచ్చాక మళ్ళీ ఎందుకొస్తుంది?

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. బుజ్జిగాడికి ఆర్నెల్లలో రెండోసారి బంక విరేచనాలని చదివాక ఆ పూట అన్నం సహించలేదు. ఇప్పుడు లేచి ఆడుకుంటున్నాడన్నావు కాబట్టి స్థిమితంగా రాస్తున్నాను.

"ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయదు కదా, ఈ విరేచనాలు తెచ్చే అమీబా క్రిమి మళ్ళీ ఎందుకొస్తోంది?" అని అడిగావు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఢాకాలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళున్నారురా. అక్కడ మీర్‌పూర్ అని ఇరుకు బస్తీ. రషీదుల్ హక్, అమెరికా నుంచి విలియం పెట్రి, వాళ్ళ బృందం అక్కడి చిన్నపిల్లల్ని ఇంటింటా కనిపెట్టుకుని చూశారు. 2001లో వాళ్ళు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అమీబాని ఎదిరించే ఐజీజీ అనే యాంటీబాడీ (ఒంట్లో తయారయ్యే రక్షక ప్రొటీన్) రక్తంలో ఉన్న పిల్లలకి జబ్బు రాకూడదనుకుంటాం కదా? వాళ్ళకే కొత్తగా ఎక్కువగా అంటుకుంది! మలంలో ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీ, పేగుకి కాపలా కాసేది, కనబడ్డ పిల్లలకి మాత్రం ఐదు నెలల్లో 64 శాతం తక్కువగా సోకింది.

ఎందుకంటావా? అమీబా ఒంటిమీద లెక్టిన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. పేగు గోడ జిగురులోనూ కణాల మీదా ఉండే గాలక్టోజ్ చక్కెరని దాంతోనే పట్టుకుంటుంది. పట్టు దొరికిందా, ఇక కణాన్ని బతికుండగానే ముక్కముక్కగా కొరుక్కు తింటుంది. ఇది 2014లో తేలింది. ఐజీఏ వెళ్ళి ఆ లెక్టిన్‌ని కప్పేస్తే దానికి పట్టు చిక్కదు. దొంగ వీధి గుమ్మంలో ఉంటే కాపలావాడు పెరట్లో కూర్చుని ఏం లాభం? రక్తంలో ఐజీజీ అలాంటిదే. గుమ్మంలో కాపలా కూడా ఆటలమ్మ తర్వాత వచ్చేదానిలా జీవితాంతం నిలవదు. టీకా ఇంకా రాలేదు.

చెల్లెమ్మ తన వంటదే తప్పని ఏడుస్తోందన్నావు. ఆమెకి ఈ మాట చదివి వినిపించు. అదే మీర్‌పూర్ పిల్లల్లో లెప్టిన్ అనే హార్మోన్‌ని (ఇందాకటి లెక్టిన్ కాదు) అందుకునే గ్రాహకం జన్యువులో ఒక చిన్న తేడా ఉన్నవాళ్ళకి అమీబా సోకే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. ఒకే కుండ నీళ్ళు తాగినా ఒకడికొస్తుంది, ఒకడికి రాదు. హాస్టల్లో నేను పది రోజులు మంచం పట్టాను, పక్క మంచం మీద నీకేమీ కాలేదు, గుర్తుందా?

డాక్టరుగారిని రెండు విషయాలు అడుగు. మెట్రోనిడజోల్ పేగు గోడలో ఉన్న అమీబాని చంపుతుంది కానీ పేగులో మిగిలిన సిస్టులకి, అంటే గట్టి పెంకు కట్టుకున్న అమీబాలకి, అది చాలదు. దాని తర్వాత డైలోక్సనైడ్ లాంటి రెండో మందు పడిందా? రెండోది, రిపోర్టులో "సిస్టులు" అని మాత్రమే ఉందా, నెత్తుటి కణాలు మింగిన అమీబా కనబడిందా? డిస్పార్ అని దీని కవలలాంటిది ఒకటుంది. ఏ హానీ చెయ్యదు. మైక్రోస్కోపులో సిస్టులు చూసి రెంటినీ విడదీయలేం. అది హాని చేసే అమీబా కాకపోతే బుజ్జిగాడి విరేచనాలకి వేరే కారణం వెతకాలి.

నీళ్ళు మాత్రం బాగా మరగనివ్వండి. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్‌కి ఈ సిస్టులు చావవు.

రిపోర్టులు రెండూ ఫోటో తీసి పంపు. దసరాకి వస్తున్నాను, వాడికి ఏం తేవాలో అడిగి రాయి.

నీ
సత్యం