మా అమ్మాయి తెరచాపకు సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

విజయవాడలో పడవ తెరచాపలు బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని నేను అడిగినప్పుడు ఫోన్ చేసినవాళ్లకు, నంబర్లు పంపినవాళ్లకు, తమకు తెలియకపోయినా తెలిసినవాళ్లను కనుక్కుని చెప్పినవాళ్లకు ముందుగా నమస్కారాలు. తెరచాప బాగైంది. పాప దాంతోనే రెగట్టాలో, అంటే తెరచాప పడవల పోటీల్లో, పాల్గొని వచ్చింది. పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది గానీ, పేర్లు రాయొద్దని అందరూ గట్టిగా అన్నారు. అందుకని వాళ్లు చేసిన పని చెబుతాను.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా అమ్మాయి హైదరాబాద్‌లో మా చెల్లి ఇంట్లో ఉండి చదువుకుంటోంది, హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ పడవ నడుపుతుంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం తయారుచేసిన పడవ అది. పొడవు 2.3 మీటర్లే. పదిహేనేళ్ల లోపు పిల్లలు ఒక్కరే కూర్చుని నడుపుతారు. దానికి ఉండేది ఒకే ఒక్క తెరచాప. ఒడ్డున పడవ సర్దుతుంటే గాలికి ఆ తెరచాప కొట్టుకుని కంచె కొసకు తగిలింది. వెనక అంచు దగ్గర జానెడు చిరిగింది. కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు, తెప్పించేలోపు పోటీలు అయిపోతాయి. సెలవులకు వచ్చిన పిల్ల చుట్టిన తెరచాప పక్కన పెట్టుకుని అన్నం కూడా సరిగ్గా తినలేదు. మాకూ ఒకటే టెన్షన్.

మొదటి కృతజ్ఞత పాప కోచ్ మేడమ్‌కి. మామూలు ప్లాస్టిక్ టేపు జోలికి అస్సలు పోవద్దని ఆవిడే ఆపారు. ఎండకు దాని జిగురు కరిగి గుడ్డలోకి దిగుతుంది, ఆ తర్వాత అసలు పట్టీ వేద్దామన్నా అంటుకోదు. తెరచాప గుడ్డ డాక్రాన్, అంటే గట్టిగా నేసిన పాలిస్టర్. దానికి అదే రకం గుడ్డతో, వెనక జిగురు ఉన్న పట్టీ వేయాలి. తెరచాపల మీద కనిపించే అంకెలు కూడా అలాంటి జిగురు గుడ్డతోనే కత్తిరిస్తారట. మేడమ్ తన దగ్గరున్న ముక్కను అడగకుండానే బస్సులో పంపించారు. ఎంత ఇవ్వమంటారని అడిగితే, పాపని ప్రాక్టీసుకి టైముకి పంపండి చాలు అన్నారు.

అంటించే ముందు శుభ్రం చేయడం గురించి కూడా ఆవిడ ఎంత ఓపికగా చెప్పారో! సాగర్ నీళ్ల జిడ్డు పోయేలా కొద్దిగా సబ్బుతో కడగాలి, సబ్బు పూర్తిగా వదిలేదాకా మంచినీళ్లతో జాడించాలి, నీడలో ఆరబెట్టాలి. ఆ తర్వాత మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది ఆరాక ఇక చేత్తో తాకకూడదు. పట్టీ మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే మూల దగ్గరే లేవడం మొదలవుతుంది.

రెండో కృతజ్ఞత మంగళగిరిలో మగ్గం నేసే బాబాయిగారికి. ఈయన్ని కలవమని చెప్పిన గుంటూరు అక్కకీ థ్యాంక్స్. పడవ గురించి తనకేమీ తెలియదు, గుడ్డ గురించి అడగమ్మా అన్నారాయన. చిరుగును దీపం ముందు పట్టుకుని చాలాసేపు చూశారు. పడుగు ఎటు, పేక ఎటు అని పాపకు వేలితో చూపించారు. ఏటవాలుగా లాగితే గుడ్డ ఎలా సాగుతుందో, పోగు వెంట లాగితే ఎలా సాగకుండా నిలబడుతుందో దాని చేతే లాగించి చూపించారు. పట్టీ పోగులు తెరచాప పోగుల దిక్కుకే ఉండాలని, వంకరగా అంటిస్తే ఒకటి సాగి ఒకటి సాగక ముడతలు వస్తాయని చెప్పారు. మేడమ్‌కి ఫోన్‌లో చెబితే, ముమ్మాటికీ అంతే అన్నారు. ఒక్కసారి కూడా పడవ ఎక్కని మనిషి, గుడ్డను పట్టుకుని చూసి చెప్పారు. నాకు ఆ రోజు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

అంటించే పని ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద జరిగింది. చిరుగు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, మధ్యలో సందు లేకుండా దగ్గరికి చేర్చి వెనక నుంచి కాగితం టేపుతో పట్టి ఉంచాం. ముందు ఒకవైపు పట్టీ అంటించి, తర్వాత కాగితం టేపు తీసేసి రెండోవైపు కొంచెం పెద్ద పట్టీ వేశాం. రెండు పట్టీల అంచులూ ఒకే గీత మీదికి వస్తే గుడ్డ అక్కడే మడత పడుతుందట. మధ్య నుంచి అంచులకు చెంచా వెనక భాగంతో గట్టిగా రుద్ది, ఆ రాత్రంతా బరువు పెట్టి వదిలేశాం. పాపే కత్తిరించింది, పాపే రుద్దింది.

చిరుగు తెరచాప మధ్యలో ఉంటే ఇక్కడితో అయిపోయేదట. వెనక అంచు మీద లాగుడు ఎక్కువ, పైగా గాలికి అది రెపరెపలాడుతూనే ఉంటుంది. కుట్టు తప్పదన్నారు మేడమ్. ఆటోనగర్‌లో లారీ టార్పాలిన్లు కుట్టే అన్నయ్యగారి దగ్గరికి వెళ్లాం. ఆయన తన సూదిని, మా గుడ్డను పక్కపక్కన పెట్టి చూసి, నేను కుట్టనమ్మా, నా సూది లావు, నేను పొడిస్తే కన్నాల వరుస పడి మళ్లీ అక్కడే చిరుగుతుంది అన్నారు. డబ్బులొచ్చే పనిని మా మంచి కోరి వద్దన్న మనిషి. ఊరికే పంపకుండా ఎండకు త్వరగా చివకని పాలిస్టర్ దారం ఇచ్చి, చీరలకు పీకో చేసేవాళ్ల దగ్గర జిగ్‌జాగ్ మెషీన్ ఉంటుంది, అక్కడికి వెళ్లండి అని దారి చూపించారు.

వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర పీకో, ఫాల్ కుట్టే చెల్లెమ్మకు ఈ పోస్టులో సగం చెందాలి. పెళ్లిళ్ల సీజన్, చీరల మూటలు చుట్టూ ఉన్నాయి. అయినా మెషీన్ ఖాళీ చేసి ఇచ్చింది. ముందు మిగిలిన జిగురు ముక్క మీద కుట్టి చూసుకుని, కుట్లు వెడల్పుగా, ఎడంగా పెట్టుకుంది. జిగ్‌జాగ్ కుట్టు గుడ్డతో పాటు కొద్దిగా సాగుతుంది, లాగుడును ఒకే గీత మీద పడనివ్వదు. జిగురు సూదికి పట్టి దారం తెగుతుంటే, ప్రతిసారీ మెషీన్ ఆపి స్పిరిట్ దూదితో సూది తుడిచింది. విసుక్కోలేదు. తెరచాప చాలా పెద్దది కదా, పక్క షాపు అబ్బాయిలు ఇద్దరు వచ్చి అది నేలకు తగలకుండా పట్టుకుని నిలబడ్డారు. తమ్ముళ్లూ, మీకు కూడా.

రెగట్టా రోజు మధ్యాహ్నం గాలి బాగా పెరిగిందట. పట్టీ అంచు ఎక్కడా లేవలేదు, కుట్టు ఒక్కటి కూడా తెగలేదు. ఫొటో కింద పెట్టాను, కుట్టు దగ్గర పెద్దది చేసి చూడండి. చెల్లెమ్మా, నీ పని అది.

ఆ జిగురు గుడ్డ ఇంకా కొంత మిగిలింది. విజయవాడలో గానీ గుంటూరులో గానీ పిల్లల తెరచాప చిరిగి ఇబ్బంది పడేవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, డబ్బులేమీ వద్దు. తీసుకెళ్లాక ఎండలో ఆపిన కారులో మాత్రం ఉంచకండి, మన వేసవికి జిగురు పాడైపోతుంది.