స్పీకర్ గారూ, ఈ పంతాల ఖర్చులో మీ వాటా ఎంత?

అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ గారికి,

నమస్కారం. మీ కార్యాలయానికి ఇంగ్లీషులో విడిగా ఒక ఉత్తరం పంపాను. దీన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఇక్కడ ఓటు హక్కు వచ్చాక కూడా "బడ్జెట్ గొడవలు మనకెందుకు" అనుకునే మావాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళూ ఇది చదవాలి, వాళ్ళూ మీకు రాయాలి.

2018 డిసెంబర్ 22న ఖర్చుల బిల్లు మీద రాజీ కుదరక ప్రభుత్వం మూతపడినప్పుడు నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. ఆ మూత 35 రోజులు సాగింది. దాదాపు 8 లక్షల మంది ఫెడరల్ ఉద్యోగులకు జీతం ఆగింది. వారిలో సగానికి పైగా జీతం లేకుండానే రోజూ విధులకు వెళ్ళారు. తర్వాత వాళ్ళకు బకాయిలు అందాయి. ఇకముందు కూడా ఇచ్చి తీరాలని 2019లో చట్టం చేశారు, మంచిదే. ఆ చట్టంలో కాంట్రాక్టు మనుషులు లేరు. మా అంతస్తు శుభ్రం చేసే ఆవిడా నేనూ ఒకే రోజు పని ఆపాం, ఒకే రోజు తిరిగి వచ్చాం. ఇద్దరికీ ఆ ఐదు వారాల డబ్బు ఇప్పటికీ రాలేదు. నాకు కాస్త పొదుపు ఉంది కాబట్టి గట్టెక్కాను. ఆవిడ అద్దె కట్టడానికి అప్పు చేసింది. ఆ మూత వల్ల దేశ ఉత్పత్తికి 1,100 కోట్ల డాలర్ల నష్టమనీ, అందులో 300 కోట్లు ఎప్పటికీ పూడదనీ కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా కట్టింది. ఆవిడ అప్పు మీద పడిన వడ్డీ మాత్రం ఆవిడ ఒక్కతే లెక్కపెట్టుకుంది.

పన్నులు పెంచాలా, ఖర్చు తగ్గించాలా అని మీరు వాదించుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఈ దేశపు అప్పు చూస్తే రెండూ కొంతకొంత తప్పవనే నాకు అనిపిస్తుంది. నా బాధ వేరు. వాదించి ఓటుతో తేల్చవలసిన దాన్ని మీరు గడువు తేదీ దాకా లాగి, ఆ తేదీనే ఆయుధం చేసుకుంటున్నారు.

2011 వేసవి గుర్తు చేసుకోండి. అప్పటికే సభలు ఆమోదించిన ఖర్చులకు అప్పు తెచ్చుకునే పరిమితి పెంచడమా మానడమా అన్నది నాటి తగువు. ఆగస్టు 2న, ఆఖరి గడియలో రాజీ కుదిరింది. మూడు రోజులకే, అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ ఈ దేశానికి ఉన్న అత్యున్నత ట్రిపుల్ ఏ రేటింగును తగ్గించింది. ఆ జాప్యం వల్ల ఆ ఒక్క ఏడాదిలోనే ప్రభుత్వానికి 130 కోట్ల డాలర్ల అదనపు ఖర్చు పడిందని మీ సొంత ఆడిట్ సంస్థే లెక్క చెప్పింది. పైగా ఆ రాజీలో ఒక షరతు పెట్టారు. పన్నెండు మంది సభ్యుల కమిటీ లోటు తగ్గించే దారి చూపకపోతే రక్షణ శాఖ మీదా, మిగతా శాఖల మీదా గుడ్డిగా కోత పడుతుందని. అంత చెడ్డ కోతను ఏ పార్టీ పడనివ్వదు కదా అన్న ధీమాతోనే దాన్ని రాశారు. కమిటీ విఫలమైంది. 2013 మార్చి 1న కోత పడనే పడింది. పేద పిల్లలకు నడిచే హెడ్ స్టార్ట్ బడుల్లో 57 వేలకు పైగా సీట్లు పోయాయి. జరగకూడదని తెలిసి తెలిసి రాసిన చట్టానికి నాలుగేళ్ళ పిల్లలు బలయ్యారు.

అదే కోతలో ఏప్రిల్ 21న విమాన నియంత్రణ సిబ్బందికి జీతం లేని సెలవులు మొదలయ్యాయి. విమానాలు ఆలస్యమయ్యాయి. వారం తిరక్కుండానే నిధులు మళ్ళించే బిల్లు ఉభయ సభలూ దాటింది! పిల్లల సీట్లకు అలాంటి బిల్లు రాలేదు. 2019 జనవరి 25న సిబ్బంది చాలక న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయానికి వచ్చే విమానాలను కాసేపు ఆపేశారు. ఆ రాత్రికల్లా ప్రభుత్వం తెరుచుకుంది. 2025లో ఆరోగ్య బీమా రాయితీల మీద పంతంతో ప్రభుత్వం మళ్ళీ 43 రోజులు మూతపడింది. నవంబర్‌లో పేదల ఆహార సాయం చిక్కుల్లో పడింది, పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించారు, 12న తాళం తీశారు. మీరు ఎక్కే విమానం ఆగితే తప్ప మీకు నొప్పి తెలియడం లేదని నాకు అనిపిస్తే, అది నా తప్పా?

నేను పుట్టిన దేశంలో బడ్జెట్ ఆలస్యమైతే ఓటాన్ అకౌంట్‌తో, అంటే కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక ఆమోదంతో, గడుపుతారు. బడ్జెట్ లోక్‌సభలో ఓడిపోతే పదవి పోయేది మంత్రులకు, గుమాస్తాకు నెల జీతం వస్తూనే ఉంటుంది. ఇక్కడ మీ జీతాలు ఏటా ఆమోదించే కేటాయింపులతో ముడిపడి లేవు కాబట్టి ఏ మూతలోనూ ఆగవు. తమ జీతం వద్దని స్వయంగా వదులుకున్న సభ్యులు రెండు పార్టీల్లోనూ ఉన్నారు, వారికి నా గౌరవం. కానీ ఇది మంచి మనుషుల ఇష్టానికి వదిలే విషయం కాదు. కాలిఫోర్నియా ఓటర్లు 2010లో మామూలు మెజారిటీతో బడ్జెట్ ఆమోదించే వీలు కల్పించి, జూన్ 15 దాటితే ఆలస్యమైన రోజులకు శాసనసభ్యుల జీతం శాశ్వతంగా పోయేలా చేశారు. ఎన్నిక జరగకుండా సభ్యుల జీతం మార్చకూడదని రాజ్యాంగంలోని 27వ సవరణ చెబుతుంది, నిజమే. అయితే వచ్చే ఎన్నిక తర్వాత కొలువుదీరే సభకు వర్తించేలా ఇప్పుడే చట్టం చేయండి. ఆ సవరణ దానికి అడ్డు రాదు.

దానితో పాటే 2019 చట్టంలో కాంట్రాక్టు కార్మికులను, కనీసం ఊడ్చేవాళ్ళనూ కాపలావాళ్ళనూ వంటవాళ్ళనూ చేర్చండి. వాళ్ళ కోసం బిల్లులు ఇదివరకే సభ ముందుకు వచ్చాయి, కొత్తగా రాయవలసిన పని కూడా లేదు.

కొత్త ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆలోగా ఈ రెండింటినీ ఓటింగుకు తెస్తారా, తేరా? అవునో కాదో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
వర్జీనియాలోని ఒక ఓటరు