కాటా చీటీల లైబ్రరీకి టైపులు

తిరుపతి

బంగారు తల్లికి,

నాన్న ఆశీస్సులు. చిత్తూరు మామిడి ఫ్యాక్టరీల కాటా చీటీలు చదివే నీ పైథాన్ లైబ్రరీకి టైపులు, అంటే ఏ విలువ ఏ రకమో చెప్పే గుర్తులు, పెడతానన్నావు. మంచి పని. అన్ని ఫైళ్ల మీదా ఒక్కరోజే ‘స్ట్రిక్ట్’ అనే కఠినమైన చెకింగ్ పెట్టొద్దు. వందల ఎర్రర్లు కనబడితే చెయ్యి ‘ఎనీ’ (ఏ రకమైనా సరే అనే టైపు) మీదికే పోతుంది. ఎనీ రాసిన చోటే కాదు, ఆ విలువ పోయిన చోటల్లా చెకింగ్ ఆగిపోతుంది.

ముందు టైపులు సరిచూసే మైపై టూల్‌ని మామూలు సెట్టింగులతో నడుపు. తప్పుల్లేవంటే సంబరపడొద్దు, టైపులు రాయని ఫంక్షన్ల లోపల అది చూడనే చూడదు. మన మాడ్యూళ్లు వేటినీ ఇంపోర్ట్ చేసుకోని చిన్న మాడ్యూల్‌తో మొదలుపెట్టి పైకి రా. ఒకటి పూర్తికాగానే దానికి మాత్రం టైపులు లేని ఫంక్షన్లను ఒప్పుకోని ‘డిసలో అన్‌టైప్డ్ డెఫ్స్’ ఆన్ చెయ్యి.

అసలు పని ఖాళీ బండి బరువు దగ్గరుంది. లోడు బండి తూగి లోపలికి పోయింది, కాయ దించి ఇంకా బయటికి రాలేదు. అప్పుడు ఖాళీ బరువు నన్ (None), అంటే విలువ లేదని. పాత కోడ్‌లో డిఫాల్ట్ నన్ అని ఉంచి టైపు ఇంట్ (పూర్ణసంఖ్య) అని రాస్తే మైపై 0.990 వెర్షన్ నుంచి ఒప్పుకోదు. ‘ఆప్షనల్ ఇంట్’ (ఇంట్ గానీ నన్ గానీ) అని రాయి. దాన్నే నిలువు గీతతో (int | None) రాయాలంటే పైథాన్ 3.10 కావాలి. రాయగానే నెట్ బరువు తీసివేసే లైన్ దగ్గర ఎర్రర్ వస్తుంది. దాన్ని ఎర్రర్ చూపొద్దనే ‘టైప్ ఇగ్నోర్’ కామెంట్‌తో మూయొద్దు తల్లీ, ఇన్నాళ్లూ దాక్కున్న బగ్ అదే. ‘ఈజ్ నన్’ అనే అడుగు. ఉత్త ఇఫ్ పెడితే సున్నా కూడా నన్ కిందికే పోతుంది. ఈ దిద్దుబాటు వేరే కమిట్‌లో (ఒకసారి భద్రపరిచే మార్పుల కట్ట) పెట్టు. టైపుల కమిట్‌లో కోడ్ నడిచే తీరు మారకూడదు.

తూకాలు తీసుకునే ఫంక్షన్‌కి ఫ్లోట్ల (దశాంశ సంఖ్యల) లిస్ట్ అని రాస్తే, ఇంట్ల లిస్ట్ ఇచ్చేవాళ్లకు ఎర్రర్ వస్తుంది. లోపల ఎవరైనా అందులో 12.5 చేరిస్తే వాళ్ల లిస్ట్ చెడుతుంది కదా, అందుకని. చదవడమే అయితే, మార్చనివ్వని ‘సీక్వెన్స్’ టైపు చాలు. తిరిగిచ్చేది మాత్రం లిస్ట్ అనే చెప్పు.

ప్యాకేజీ ఫోల్డర్‌లో ‘పై.టైప్డ్’ అనే ఖాళీ ఫైలు పెట్టు. అది లేకుంటే వాడేవాళ్ల మైపై నీ టైపుల్ని పట్టించుకోదు. ఫోల్డర్‌లో ఉన్నా వీల్‌లోకి (ఇన్‌స్టాల్ చేసే జిప్ ప్యాకేజీ) చేరకపోవచ్చు, అన్‌జిప్ చేసి చూసుకో. రిలీజ్‌కు ముందు కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసి, నెట్ బరువు ఫంక్షన్ మీద, టైపు ఏమిటో చూపించే ‘రివీల్ టైప్’ పెట్టి మైపై నడుపు. ఎనీ అని వస్తే ముందు ఆ పై.టైప్డ్ ఫైలే వెతుకు.

ఇట్లు,
నాన్న